అడ్డగీత

గోరు తగిలింది.

రెబెకా ఊపిరి బిగబట్టి, చూపుడువేలి గోరుని మళ్ళీ ఆ లోహపు బుడ్డి మెడ చుట్టూ ఉన్న గాడిలో ఆనించి గుండ్రంగా తిప్పుకుంటూ వచ్చింది. నున్నగా జారిన గోరు సరిగ్గా అదే చోట టక్కుమని ఆగింది. భూతద్దం కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. వెంట్రుకంత గీత. ఒకటి కాదు, పక్కపక్కనే రెండు. గాడికి అడ్డంగా, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా.

మంగళవారం సాయంత్రం ఇదే గాడిని ఇదే అద్దంతో చూసి, కొలతలన్నీ రాసి, జాబ్ కార్డు మీద పాస్ అని పచ్చముద్ర కొట్టింది తనే. అప్పుడు గాడిలో మొహం చూసుకోవచ్చు. ఇవాళ గురువారం. మధ్యలో గడిచింది ఒక్క బుధవారం. ఆ బుధవారం విశ్వకర్మ పూజ.

ఏం జరిగి ఉంటుందో ఊహించడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. గాడి మూలలో ఇంకా పసుపు ఆనవాలుంది. నిన్న మెషిన్ షాపు యజమాని సత్తిరాజుగారి తల్లి పార్వతమ్మ యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ వచ్చి, పూజబల్ల మీదున్న ఈ ముక్కని చూసి, "అచ్చం కలశంలా ఉందిరా!" అని మురిసిపోయింది. మెడ దగ్గరున్న గాడిలో పసుపుదారం మూడు చుట్లు చుట్టి, మూడు ముళ్ళు వేసింది. దారం కోసమే చేసినట్టు కుదిరింది. తెల్లారేసరికి పసుపు ఎండి దారం బిర్రబిగిసింది. దాన్ని విప్పే ఓపిక లేనివాడెవడో బ్లేడు పెట్టి కోశాడు. దారంతోపాటు గాడి కూడా తెగింది.

ఆ ఓపిక లేనివాడు ఎవడో కూడా ఆమెకి తెలుసు.

సూపర్‌వైజర్ ఈశ్వర్ క్యాంటీన్ గుమ్మంలో నిలబడి పోహా తింటున్నాడు. సత్తిరాజుకి స్వయానా బావమరిది. షాపులో అతను చేసిన తప్పులన్నీ ఏదో ఒక యంత్రం ఖాతాలోకి పోతుంటాయి.

"ఈశ్వర్‌గారూ, బుడ్డి మెడకున్న దారం ఎవరు తీశారు?"

"నేనే. హాక్సా బ్లేడు ముక్కతో ఒక్క లాగు లాగాను, సాఫ్‌గా వచ్చేసింది. స్పిరిట్ పెట్టి తుడిచాను కూడా. ఏం?"

"గాడిలో గీతలు పడ్డాయి."

"లేతు మీద మన టర్నర్ పరదేశి పెట్టిన టూల్ మార్కులై ఉంటాయి."

"లేతు మీద తిరిగే ముక్కకి టూల్ గీత గుండ్రంగా పడుతుందండీ. ఇవి అడ్డంగా ఉన్నాయి."

ఈశ్వర్ నమలడం ఆపాడు. ఆమె పెట్టుకోని బొట్టు వైపు, అంటే ఖాళీ నుదుటి వైపు ఒకసారి చూశాడు. "మేడమ్‌జీ, సోచ్‌సమఝ్‌కే, కాస్త ఆలోచించి మాట్లాడండి. అది దేవుడి దారం. దాని వల్ల ముక్క పాడైందని కాగితం మీద ఎక్కిస్తారా? అందులోనూ మీరు?"

అంతే. రెబెకా వెనక్కి తిరిగింది. జూలైలో తను పనిచేసే కొలతల గది గుమ్మానికి కట్టిన నిమ్మకాయ కుళ్ళి పరికరం మీదకి కారుతోందని, కాస్త పక్కకి కట్టమని అడిగితే ఇతనే నవ్వుతూ, "మీవాళ్ళకి ఇవి గిట్టవులెండి" అన్నాడు. అప్పుడు షాపంతా నవ్వింది. చెడ్డనవ్వు కాదు, మామూలు నవ్వే. ఆ మామూలు నవ్వే ఆమెని రెండు నెలలుగా నోరు కట్టేసి తిప్పుతోంది.

*

ఆ ముక్కకి కాగితాల మీద బారెడు పేరుంది గానీ, షాపులో అందరూ బుడ్డి అనేవారు. మోచెయ్యంత పొడవు, టైటానియంతో చేసింది. జూన్‌లో చెన్నై నుంచి ప్రీతి అనే నెల్లూరు ఇంజనీరమ్మాయి డ్రాయింగులు పట్టుకుని వచ్చింది. సబ్‌మెర్సిబుల్ కోసం అనగానే బోరుబావి మోటారు పనేమో అనుకున్నారు రాయపూర్ జనం. ఆవిడ నవ్వి, క్యాంటీన్ బల్ల మీద లాప్‌టాప్ తెరిచి వీడియో చూపించింది.

రెండున్నర కిలోమీటర్ల లోతు. వెలుతురు చొరబడని సముద్రపు అడుగు. ముగ్గురు మనుషులు పట్టే గుండు లాంటి వాహనం దీపం వేసుకుని మెల్లగా కదులుతోంది. దీపం ముందు, నేల మీద పుట్టల్లా లేచిన రాతిగొట్టాలు. వాటి మూతుల్లోంచి నల్లగా పొగ. పొగ కాదట, నీళ్ళే. భూమి పగుళ్ళలోకి దిగి, లోపల కాగి, ఖనిజాలు కరిగించుకుని ఎగజిమ్మే నీళ్ళు. మూడొందల యాభై డిగ్రీల వేడి. అయినా మరగవట, పైనున్న సముద్రం బరువు మరగనివ్వదట. ఆ వేడి పక్కనే తెల్లటి రొయ్యలు గుంపులు గుంపులుగా మూగి బతికేస్తున్నాయి.

"సూర్యుడి మొహం చూడకుండా బతికే జీవాలు ఇవి. ఏం తిని బతుకుతున్నాయో తెలియాలంటే ఆ నీళ్ళు కావాలి. వాహనం చెయ్యి చాచి ఈ బుడ్డిని గొట్టం మూతికి పెడుతుంది. నిండగానే మూత పడిపోవాలి. మెడ దగ్గరున్న గాడిలో కూర్చునే రబ్బరు రింగే మొత్తం కాపాడేది. అది కారిందంటే మామూలు ఉప్పునీళ్ళు కలిసిపోతాయి. నేను అంత లోతు దిగి, గుప్పెడు ఉప్పునీళ్ళు మోసుకొచ్చినట్టు" అంది ప్రీతి.

టర్నర్ పరదేశి అన్నిటికన్నా వెనక నిలబడి చూశాడు. వీడియో అయ్యాక ముందుకొచ్చి, "అమ్మా, ఆ గొట్టం ఇంకోపాలి సూపిస్తారేటి?" అని అడిగాడు. మూడుసార్లు చూశాడు. తర్వాత పదకొండు రోజులు ఆ టైటానియం కడ్డీ మీద కూర్చున్నాడు. అది మొండి లోహం, గట్టిగా పోతే టూలు మాడుతుంది, మెల్లగా పోతే ముక్క గట్టిపడుతుంది. చివరి రోజు గాడి తీసేటప్పుడు పంకా కూడా ఆపించాడు. అరవై రెండేళ్ళ మనిషి చెమటతో తడిసి, టూలుని చిన్నపిల్ల చెవి కుట్టినంత మెత్తగా తోశాడు. కొలత సరిగ్గా అంచు మీద కూర్చుంది. ఇంకొక్క పొర తీస్తే గాడి లోతెక్కువై ముక్క పనికిరాదు. అందుకే ఇప్పుడా గీతల్ని మళ్ళీ లేతు మీద పెట్టి చెరిపే వీలు లేదు.

*

"చూడమ్మా రెబెకా," అన్నాడు సత్తిరాజు తన కేబిన్‌లో, కుర్చీ ముందుకి జరుపుకుని. మనిషి మంచివాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కేమిటంటే వాళ్ళతో గట్టిగా పోట్లాడటం కుదరదు. "గీత ఉంది, కాదనను. రబ్బరు రింగేగా, సర్దుకుంటుంది. పాస్ చేసెయ్."

"ఇక్కడ సర్దుకుంటుందండి. అక్కడ గోరంత జాగా మీద రెండొందల యాభై కిలోల బరువు పడుతుంది. గుండ్రటి గీత అయితే రింగు ఆపుతుంది. అడ్డగీత అంటే నీళ్ళకి మనం తవ్విచ్చిన కాలవే."

"అయితే రిజెక్ట్ చేద్దాం. దానికీ సిద్ధమే. శనివారం ఆవిడొస్తుంది, రిపోర్టు చేతిలో పెడదాం. కారణం అన్న చోట ఆపరేటర్ పొరపాటు అని రాయి. తీసుకున్న చర్య అన్న చోట ఆపరేటర్‌ని మార్చాం అని రాయి. వాళ్ళకి కావల్సింది ఆ రెండు మాటలే. పరదేశి కాంట్రాక్టు ఎలాగూ నెలాఖరుకి అయిపోతోంది. కొత్తది రాయం, అంతే."

"ఆయన గియ్యలేదండి."

"నాకు తెలీదా?"

ఇది విన్నాక రెబెకాకి ఒళ్ళు మండింది. తెలియని మనిషికి చెప్పొచ్చు. తెలిసిన మనిషికి ఏం చెప్పాలి?

"మరి అసలు కారణం రాస్తే?"

సత్తిరాజు బల్ల మీద పేపరువెయిట్‌ని అటూ ఇటూ జరిపాడు. "మా అమ్మకి డెబ్బై ఆరేళ్ళు. తన చేత్తో కట్టిన దారం వల్ల ముక్క పాడైందని తెలిస్తే అన్నం మానేసి మంచమెక్కుతుంది. పైగా రాసేది నువ్వు. నేనేం అనుకోను, నువ్వు నాకు కూతురి లాంటిదానివి. నలుగురూ అనుకుంటారు కదా. రేపు షాపులో పూజ చెయ్యాలంటే నీ సంతకం కావాలేమో అంటారు. ఎందుకమ్మా మనకి?"

కాగితం తీసుకుని బయటికొచ్చింది. రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

పరదేశి లేతు దగ్గర తిల్దా రైసు మిల్లువాళ్ళ షాఫ్టు తిరుగుతోంది. నీలం రంగు ఇనప రజను చుట్టలు చుట్టలుగా ట్రేలో పడుతోంది. ఆమెని చూసి యంత్రం ఆపాడు. రైల్వే కాలనీలో వాళ్ళ ఎదురింటివాడు. ఆమె పుట్టినప్పటి నుంచీ బాబాయ్.

మొత్తం చెప్పింది. కోపంతో మాటలు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ పడ్డాయి. ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"పాస్ సెయ్యకమ్మీ. ఆ పిల్ల పాతాళం దాకా దిగి, నాను సేసిన బుడ్డి కారితే మరేటి మొహం సూపిస్తాను? రిజెక్ట్ సేసీ."

"చేస్తాను. కారణం దగ్గర నీ పేరు రాయమంటున్నారు బాబాయ్!"

"రాసీ."

"నువ్వు గియ్యలేదుగా!"

"గీత అడ్డంగా ఉందని నీకు తెల్సు, నాకు తెల్సు. సాల్దేటి?"

"చాలదు," అంది రెబెకా. "నాకు చాలదు."

ఆయన తల ఊపి మళ్ళీ మీట నొక్కాడు. షాఫ్టు తిరగడం మొదలైంది. ఊరందరిదీ ఒక దారి, తనొక్కత్తిదే ఒక దారి. అన్యాయం జరుగుతున్న మనిషి కూడా అవతలి పక్షంలో చేరిపోతే ఇక ఎవరి తరఫున పోట్లాడాలో ఆమెకి తోచలేదు. కొలతల గది తలుపు ధడాలున వేసుకుంది. కోపం తలుపు మీద చూపించడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

*

శుక్రవారం సాయంత్రం షాపున్న సిల్తారా నుంచి బస్సులో నిలబడి వచ్చి, ఇంట్లో స్నానం చేసి భోజనానికి కూర్చునేసరికి కూడా ఆ రెండు గళ్ళూ ఖాళీగానే ఉన్నాయి. వాళ్ళమ్మ సుశీల రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. సగం విని వంకాయకూర వడ్డించింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?"

"దురద ఉండాల్సింది కందకే కదమ్మా! ఆ కంద నోరెత్తట్లేదు. అదే నా బాధ."

"సరే, నీ బాధ నీది. నాకొకటి అర్థం కాలేదు. ఆ గదికి తాళం ఉంటుందనీ, ఆ తాళం నీ దగ్గరే ఉంటుందనీ చెప్తావుగా. మరి ఆ వస్తువు పూజబల్ల మీదకి ఎలా వెళ్ళింది?"

సుశీల మామూలుగానే అడిగింది. వార్డులో సూది ఎక్కడ తప్పిపోయిందో ముప్ఫై ఏళ్ళు వెతికిన మనిషి అలాగే అడుగుతుంది. రెబెకా కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"నేనే ఇచ్చాను," అంది.

బుధవారం పొద్దున్న పరదేశి తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కొలతల గది గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మీ, బుడ్డిని ఒక్కపాలి పూజలో పెట్టొచ్చేటి? ఏటీ అవ్వదు కదా?" అన్నాడు. తనిఖీ అయిన ముక్క గది దాటకూడదు. ఆ నియమాన్ని టైపు చేసి గోడకి అంటించింది తనే. వద్దు బాబాయ్ అనడానికి నోరు తెరిచింది కూడా. నిమ్మకాయ గుర్తొచ్చింది, ఆ నవ్వు గుర్తొచ్చింది. "తీసుకెళ్ళు" అంది. తర్వాత పార్వతమ్మ దారం చుడుతున్నప్పుడు మూడడుగుల దూరంలో, చేతిలో కొబ్బరిముక్కతో నిలబడి ఉంది. మొదటి చుట్టుకి చెప్పొచ్చు. మూడో ముడికైనా చెప్పొచ్చు.

రెండు రోజులుగా అందరి మీదా కోప్పడింది. కోపం అంత సులువుగా ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసి సిగ్గుపడింది. సుశీల మజ్జిగ గిన్నె దగ్గరికి జరిపింది.

*

శనివారం పదకొండింటికి ప్రీతి విమానాశ్రయం నుంచి నేరుగా షాపుకి వచ్చింది. పార్వతమ్మ శనివారం గుడికి వెళ్ళి వస్తూ షాపులో దిగడం అలవాటు, ఆవిడ కేబిన్‌లో మూలనున్న సోఫాలో కూర్చుని ఉంది. ఈశ్వర్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. సత్తిరాజు రిపోర్టు చదవకుండానే ప్రీతి చేతికి అందించాడు. చదవాల్సిన పని లేదనుకున్నాడు పాపం.

ప్రీతి ముందు ముక్కని చూసింది. గోరు పెట్టింది, అద్దం పెట్టింది, పెదవి కొరుక్కుంది. తర్వాత కాగితం చదివింది. ఒకసారి చదివి రెబెకా వైపు చూసి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. కాగితాన్ని సత్తిరాజు వైపు తిప్పింది. ఆయన మొహం పాలిపోయింది.

"ఏంట్రా అది? ఆ పిల్ల ఏం రాసింది?" అంది పార్వతమ్మ.

"ఏం లేదమ్మా, లెక్కలు."

"లెక్కలకి మొహాలు అలా పెట్టరు. నువ్వు చెప్పవే."

రెబెకాకి ఇంగ్లీషులో రాయడం సులువైంది. ఈవిడ మొహం చూస్తూ తెలుగులో చెప్పడం ఉంది చూశారూ, అదీ కష్టం. అయినా చెప్పింది. "కారణం ఏమిటని అడుగుతారండి ఇందులో. తనిఖీ అయిన ముక్కని గదిలోంచి పూజకి బయటికిచ్చింది నేను. గాడిలో దారం కడుతుంటే వద్దని చెప్పకుండా నిలబడ్డది నేను. ఆ దారాన్ని బ్లేడుతో కోసినప్పుడు గీతలు పడ్డాయి. టర్నర్ తప్పేం లేదు. ఇదే రాశానండి."

ఈశ్వర్ తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"నేను కట్టిన దారమా?" అంది పార్వతమ్మ.

"అవునండి."

"కడుతుంటే నువ్వక్కడే ఉన్నావు. కొబ్బరిముక్క నీ చేతిలో పెట్టింది నేనే."

"ఉన్నానండి."

"మరి నోరు పడిపోయిందా?" ముసలావిడ గొంతు లేచింది. "ఆవకాయ జాడీలో ఎవరైనా తడిచెయ్యి పెట్టబోతే, అది అత్తగారి చెయ్యైనా సరే, తియ్యండి అని కేకెయ్యమూ? కేకేస్తే అత్తగారు చచ్చిపోతుందా? ఈ జాడీ సంగతి నాకేం తెలుసే! తెలిసినదానివి నువ్వు. మెడకి కట్టొద్దంటే అడుక్కి బొట్టు పెట్టి ఊరుకునేదాన్ని. దేవుడికి మెడే కావాలని ఎక్కడుంది?"

"అమ్మా, నువ్వు బాధపడతావని…" అన్నాడు సత్తిరాజు.

"బాధపడతాను. పడనీ. నా బాధ నేను పడలేనా? నా పేరు చెప్పి ఆ లేతు ముసలాణ్ణి తీసేద్దామనుకున్నారా మీ బావాబావమరుదులిద్దరూ?"

ఎవరూ చెప్పకుండానే ఆవిడకి అంత ఎలా తెలిసిందో రెబెకాకి అర్థం కాలేదు. బహుశా కొడుకు మొహం చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేదేమో.

ప్రీతి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "మా ఆఫీసులో ఆపరేటర్ పొరపాటు అని రాసిన రిపోర్టులు బీరువా నిండా ఉన్నాయి. ఏ ఒక్కటీ చదివి ఏమీ నేర్చుకోలేదు మేము," అంది. ఆ తర్వాత మామూలు గొంతుతో, "కానీ ఓడ నాలుగో తేదీన బయల్దేరుతుంది. టైటానియం కడ్డీ రావడానికే మూడు వారాలు. పాత బుడ్లతోనే దిగుతాను. మూడింటిలో ఒకటి కారుతుంది, ఏది కారిందో పైకొచ్చాక గానీ తెలీదు" అంది.

"మళ్ళీ ఎప్పుడండి?" అని అడిగింది రెబెకా.

"ఓడ దొరికితే వచ్చే ఏడాది."

*

పరదేశి దగ్గరికి దాదాపు పరిగెత్తినట్టే వెళ్ళింది. బుడ్డి ఈ ఏడు సముద్రంలోకి పోవట్లేదన్న దిగులు గుండెల్లో ఉంది. అయినా చెప్పడానికి ఒక్క మంచిమాట దొరికింది, దాన్ని పట్టుకుని వెళ్ళింది.

"బాబాయ్, నీ పేరు ఎక్కడా లేదు. సత్తిరాజుగారు కొత్త కాంట్రాక్టు రాస్తానన్నారు. జరిగింది జరిగినట్టు రాసేశాను, నేనే బయటికిచ్చానని కూడా."

పరదేశి లేతు ఆపాడు. పత్తి చిక్కు తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. ఎంతసేపటికీ తుడవడం ఆపలేదు.

"పదకొండు దినాలమ్మీ," అన్నాడు చివరికి. "పంకా కూడా ఆపించీసినాను."

"తెలుసు బాబాయ్."

"ఆలకి భయపడినావంటే అర్థముంది. సేఠు, ఆల బావమరిది, పెద్దామె. నాను మాత్రం నీ గుమ్మంలోకి వొచ్చి అడిగినాను కదా. పెట్టొచ్చేటి అని. ఎందుకడిగినాను? నీకు తెలుస్తాదని. నువ్వొద్దంటే ఒద్దే. పట్టుకెళ్ళి మళ్ళీ బీరువాలో ఎట్టీసుందును." పత్తి చిక్కుని ట్రేలో పడేశాడు. "నన్ను కూడా ఆలలో కలిపీసినావేటమ్మీ? నన్ను సూసి కూడా భయమేసిందేటి నీకు?"

ఎదురింటి మనిషి. ఆమె మొదటి సైకిలు బాగుచేసిన మనిషి. జవాబు అవుననే. క్షమించమని అడుగుదామనుకుంది. ఆ మాట కూడా చాలదనిపించి ఊరుకుంది. కళ్ళు మాత్రం ఊరుకోలేదు.

పరదేశి అది చూసి మొహం తిప్పుకున్నాడు. లేతు మీదనుంచి మిల్లు షాఫ్టుని విప్పి, నూనె తుడిచి, రెండు చేతులా ఆమె ముందు పెట్టాడు.

"ఇది సూడు. తేడా ఉంటే సెప్పు."

రెబెకా మైక్రోమీటర్ తీసి బిగించింది. మూడు చోట్ల కొలిచింది. మూడో చోట ఇంకోసారి కొలిచింది. ఆయన ఆమె మొహం వైపే చూస్తున్నాడు.

"ఈ చివర కొలత తగ్గిపోయింది బాబాయ్," అంది. "బేరింగు నిలవదు. పనికిరాదు."

పరదేశి ఒక్క క్షణం ఆ షాఫ్టు వైపు చూశాడు. పొద్దుటినుంచీ చేసిన పని. దాన్ని తుక్కు డబ్బాలో పడేసి, గోడకి ఆనించి ఉన్న కొత్త కడ్డీ తెచ్చి లేతుకి బిగించడం మొదలుపెట్టాడు.